ప్రకాశం పంతులు బారిస్టరు చదువు: రైతుకు అక్కరకొచ్చిందెంత?

కోర్టుకెళ్ళిన రైతు చంకలో ఒక గుడ్డసంచీ వుంటుంది. అందులో తాతనాటి దస్తావేజు, చిరుగులు పడ్డ శిస్తు రశీదులు, మడతల దగ్గర తెగిపోయిన పట్టా, ఎవరో రాసిచ్చిన చీటీ, అన్నీ కలగాపులగంగా వుంటాయి. వకీలు గుమాస్తా ఆ సంచీ విప్పి, రెండు కాగితాలు తీసుకుని, మిగతావి పనికిరావని తిరిగిచ్చేస్తాడు. ఒక్కోసారి కేసంతా ఆ తిరిగిచ్చిన కాగితాల్లోనే వుంటుంది! ఆ సంగతి పసిగట్టే చూపు వకీలుకు ఎక్కడ అబ్బుతుంది? లా పుస్తకాలు వల్లె వేస్తేనా, పెద్ద వకీలు వెనకాల కట్టలు మోసుకుంటూ తిరిగితేనా, సీమకెళ్ళి నల్లగౌను తొడుక్కొస్తేనా?

యీ ప్రశ్నకు జవాబు వెతకాలంటే టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితాన్ని మించిన ఉదాహరణ తెలుగుదేశంలో దొరకదు. ఆయన పేరు చెబితే 1928 ఫిబ్రవరిలో మద్రాసు వీధిలో పోలీసు తుపాకీకి రొమ్ము చూపిన దృశ్యమే అందరికీ గుర్తొస్తుంది. ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు. ఊరూరా విగ్రహాలున్నాయి. కాని రైతులకు సంబంధించినంతవరకు ఆయన చేసిన పెద్దపని తుపాకీ ముందు కాదు, కాగితాల ముందు కూర్చుని చేసింది. భూమికి యజమాని జమీందారు కాదు, దున్నే రైతేనని 1938లో ఒక ప్రభుత్వ సంఘం నివేదికలో రాయించింది ఆయనే. ఆ పని చేయగలిగిన వకీలుగా ఆయన ఎలా తయారయ్యారో చూద్దాం.

ఒంగోలు తాలూకా వినోదరాయునిపాలెంలో 1872 ఆగస్టు 23న పుట్టారు. తండ్రి గోపాలకృష్ణయ్య, తల్లి సుబ్బమ్మ. కరణీకపు కుటుంబం. కరణంగారిల్లంటే లెక్కల యిల్లు. ఎవరి పేర ఎంత భూమి, ఎంత శిస్తు, ఎంత బాకీ అన్న మాటలు ఆ యింట్లో అన్నం వడ్డిస్తున్నప్పుడు కూడా చెవినపడతాయి. కాని ఆ నీడ ఎంతోకాలం దక్కలేదు. ప్రకాశానికి పదకొండో ఏడు నడుస్తుండగా తండ్రి చనిపోయారు. తల్లి పిల్లల్ని వెంటబెట్టుకుని ఒంగోలు చేరి పూటకూళ్ళ యిల్లు పెట్టింది. డబ్బు తీసుకుని అన్నం పెట్టడమంటే ఆరోజుల్లో చాలా చులకన. కులంలో పెద్దలమనుకునేవాళ్ళు ఆ యింటి గడప తొక్కడానికి కూడా వెనకాడేవారు. అయినా ఆ తల్లి పొయ్యి ముందు కూర్చుని పిల్లల్ని పెంచింది. ఒకసారి పరీక్షకు మూడురూపాయల ఫీజు కట్టాల్సి వచ్చింది. డబ్బు లేదు. అప్పు కోసం కుర్రవాడు అద్దంకి దాకా నడిచి వెళ్ళినా పుట్టలేదు. చివరికి తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టింది. మూడురూపాయల విలువేమిటో అలా తెలిసిన మనిషి తర్వాత వేలు సంపాదించి, ఆ వేలను గడ్డిపోచల్లా వదులుకోవడం చూస్తే ఆశ్చర్యంగా వుంటుంది.

కుర్రవాడిని చేరదీసింది ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు. ఆయన చదువు చెప్పారు, నాటకాల్లో వేషాలు వేయించారు, తాను రాజమండ్రికి మారినప్పుడు శిష్యుణ్ణి కూడా తీసుకెళ్ళారు. ఆ నాటకాలను తీసిపారేయకూడదు. నిండు సభలో గొంతెత్తి మాట్లాడడం, ఎక్కడ ఆపాలో ఎక్కడ పెంచాలో తెలుసుకోవడం, ఎదుటివాడి ముఖం చూసి మాట మార్చడం ఏ లా కాలేజీలోనూ నేర్పరు. రాజమండ్రిలో ఎఫ్.ఏ. దాకా చదివి, ఆ తర్వాత మద్రాసు వెళ్ళి సెకండుగ్రేడు ప్లీడరు పరీక్ష ప్యాసయ్యారు. కొన్నాళ్ళు ఒంగోలులో, ఆ తర్వాత రాజమండ్రిలో ప్రాక్టీసు పెట్టారు.

యీ సెకండుగ్రేడు ప్లీడరు అనేమాట నేటి పాఠకులకు తెలియకపోవచ్చు. అప్పట్లో వకీళ్ళలోనూ వర్ణవ్యవస్థ వుండేది. అన్నిటికంటే పైన సీమలో చదివొచ్చిన బారిస్టరు. ఆయన కింద బి.ఎల్. పట్టా పుచ్చుకున్న హైకోర్టు వకీలు. ఆయనకూ కింద ఫస్టుగ్రేడు ప్లీడరు. అట్టడుగున సెకండుగ్రేడు ప్లీడరు. యీ అట్టడుగువాడు మునసబు కోర్టుల్లో, మేజిస్ట్రేటు కోర్టుల్లో, అలాంటి కింది కోర్టుల్లో వాదించుకోవాల్సిందే. హైకోర్టు మెట్లెక్కి నోరు విప్పే హక్కు లేదు. కేసు పుట్టినప్పటినుంచీ మోసి, సాక్షుల్ని నిలబెట్టి, అడ్డుప్రశ్నలతో అవతలివాడి నోరు మూయించి గెలిచినా, అప్పీలు మద్రాసు చేరిందంటే కట్ట కట్టి వేరొకరి చేతిలో పెట్టాల్సిందే. ఆ వేరొకరు రైతు ముఖమైనా ఎరగరు.

అయితే రైతుకు ముందుగా దొరికే వకీలు మాత్రం యీ అట్టడుగువాడే. గట్టు తగాదా వచ్చినా, బోదె నీళ్ళు మళ్ళించారని తలలు పగిలినా, శిస్తు బాకీకి ఎడ్లను జప్తు చేసినా రైతు పరుగెత్తేది తాలూకా ఊరికే. అక్కడి ప్లీడరుకు సర్వే నెంబరంటే కాగితం మీది అంకె కాదు, తాను ఎండలో నిలబడి చూసిన చెక్క. గ్రామమునసబు సాక్ష్యంలో ఏది నిజమో ఏది మొహమాటమో, కరణం లెక్కలో ఏ సిరా పాతదో ఏది నిన్నటిదో, జమీందారు ఠాణేదారు రాయించిన ముచ్చిలికలో రైతు వేలిముద్ర చదివి వేసిందో బెదిరి వేసిందో అతనికి తెలుస్తుంది. యీ విద్యకు సర్టిఫికెట్టు లేదు. యీ బడికి గోడలూ లేవు. గోదావరి గట్టున ప్రకాశంగారు పదేళ్ళకు దగ్గరగా చదివింది యీ బడిలోనే. మంచి పేరు, మంచి రాబడి వచ్చాయి. పురపాలక సంఘానికి అధ్యక్షుడు కూడా అయ్యారు. ఆ ఊరి రాజకీయాల్లో ముఠాలూ కక్షలూ తక్కువేం కాదు, ఆయన వాటికి దూరంగానూ లేరు.

ఇంత సంపాదించినా హైకోర్టు తలుపు తెరుచుకోలేదు. బి.ఎల్. చదవాలంటే ముందు బి.ఏ. కావాలి, అది ఆయనకు లేదు. ఒక కేసు పనిమీద మద్రాసు వెళ్ళినప్పుడు ఆయన కేసు తయారుచేసిన తీరు చూసి అక్కడి బారిస్టరు ఒకాయన సీమకెళ్ళి బారిస్టరు కమ్మని సలహా యిచ్చారంటారు. చిత్రమేమిటంటే, మద్రాసులో హైకోర్టు వకీలు కావడానికి డిగ్రీలు కావాలి గాని లండనులో బారిస్టరు కావడానికి డిగ్రీ అక్కర్లేదు. మెట్రిక్యులేషన్ లాంటి పరీక్ష ప్యాసై, కావలసినంత డబ్బు వుంటే చాలు. గాంధీగారు 1888లో మెట్రిక్యులేషన్ తోనే వెళ్ళారు. ఆ తలుపుకు తాళంచెవి చదువు కాదు, సొమ్ము.

1904లో ప్రకాశంగారు ఓడెక్కారు. అప్పటికి ముప్ఫై దాటి రెండేళ్ళయింది. పెళ్ళయింది, సంసారముంది, నడుస్తున్న ప్రాక్టీసుంది. సముద్రం దాటితే కులం నుంచి వెలి. తల్లికి మాంసం ముట్టనని, మద్యం తాగనని, పొగ తాగనని మాటిచ్చి బయల్దేరారు.

లండనులో బారిస్టరు తయారయ్యే పద్ధతి చెబితే మన రైతులకు నవ్వొస్తుంది. అక్కడ ఇన్‌లు అని నాలుగు పాత సంస్థలున్నాయి. లింకన్స్ ఇన్, గ్రేస్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్. నాలుగూ కొన్ని వందల ఏళ్ళనాటివి. బారిస్టరు కావాలనుకున్నవాడు యీ నాలుగింటిలో ఒకదానిలో చేరాలి. ఏడాదికి నాలుగు టర్ములు. పన్నెండు టర్ములు, అంటే మూడేళ్ళు గడపాలి. టర్ము గడిచినట్టు రుజువేమిటి? పాఠాలు వినడం కాదు, భోజనం చేయడం! టర్ముకు ఆరు విందులకు హాజరై, గౌను తొడుక్కుని, బల్ల దగ్గర కూర్చుంటే ఆ టర్ము నడిచినట్టు లెక్క. విశ్వవిద్యాలయ విద్యార్థులకైతే మూడు చాలు. తినకపోయినా ఫరవాలేదు, కూర్చుంటే చాలు. ఒంగోలులో అన్నం అమ్మి బతికిన తల్లి కొడుకు, లండనులో అన్నం తిని బారిస్టరు కావాల్సి వచ్చింది. మాంసం ముట్టనని మాటిచ్చిన మనిషికి ఆ బల్ల మీద రొట్టె, ఉడికిన కూరలు తప్ప ఏం దక్కి వుంటాయి?

యీ విందులకు వెనక ఒకప్పుడు అర్థం లేకపోలేదు. పూర్వం ఆ భవనాల్లోనే పెద్ద వకీళ్ళూ చిన్నవాళ్ళూ కలిసి వుండేవారు. రాత్రి భోజనమయ్యాక ఒక కల్పిత తగాదా తీసుకుని ఇరుపక్షాలా వాదించేవారు. చిన్నవాళ్ళు వింటూ, తప్పులు చేస్తూ, తిట్లు తింటూ నేర్చుకునేవారు. కాలక్రమంలో చర్చలు పోయాయి, భోజనాలు మిగిలాయి. నూతి నీళ్ళు ఎండిపోయినా గిలక తిరుగుతూనే వుందన్నమాట. 1852లో న్యాయవిద్యా మండలి ఒకటి పెట్టారు. 1872లో, అంటే ప్రకాశంగారు పుట్టిన ఏడాదే, పరీక్ష తప్పనిసరి చేశారు. రోమన్ చట్టం, రాజ్యాంగ చట్టం, ఆస్తి చట్టం, నేరచట్టం, సాక్ష్యం వగైరా సబ్జెక్టులు. పుస్తకాలు చదివి పరీక్ష రాయొచ్చు. అసలైన పని నేర్చుకోవాలంటే మాత్రం ఒక అనుభవమున్న బారిస్టరు గదిలో శిష్యుడిగా చేరాలి. అందుకు ఏడాదికి నూరు గినీలు కట్టుకోవడం ఆనాటి వాడుక. నూరు గినీలంటే 105 పౌన్లు, నాటి మారకంలో 1575 రూపాయలు. ఆ శిష్యరికం అప్పటికి తప్పనిసరి కూడా కాదు. డబ్బున్నవాడు నేర్చుకుంటాడు, లేనివాడు నేర్చుకోకుండానే బారిస్టరవుతాడు. కోర్టులో ఒక్క సాక్షినైనా చూడకుండా, ఒక్క దావా అయినా రాయకుండా గౌను తొడుక్కోవచ్చు.

అలా తొడుక్కున్న గౌను ఏమాత్రం ఉపయోగపడుతుందో గాంధీగారి అనుభవమే సాక్ష్యం. 1891 జూన్‌లో బారిస్టరై వచ్చి, బొంబాయి స్మాల్‌కాజు కోర్టులో మొదటి కేసు పట్టారు. అవతలి సాక్షిని అడ్డుప్రశ్న వేయాల్సిన సమయానికి కాళ్ళు వణికి, ఒక్క ప్రశ్నా తోచక కూర్చుండిపోయారు. తీసుకున్న ముప్ఫై రూపాయలు తిరిగిచ్చేశారు. కేసును లోతుగా, కాగితం కాగితంగా చదవడం ఆయన దక్షిణాఫ్రికాలో ఒక వర్తకుడి లెక్కల తగాదాలో నేర్చుకున్నారు. ఆ తర్వాత 1917లో చంపారన్‌లో నీలిమందు రైతుల వాంగ్మూలాలు వేలకొద్దీ రాయించినప్పుడు ఆ విద్య పనికొచ్చింది. లండను భోజనాలు మాత్రం కాదు.

ప్రకాశంగారి సంగతి దీనికి తలకిందులు. ఆయన లండను వెళ్ళేసరికే పని తెలుసు. అడ్డుప్రశ్నలు వేసి వేసి ఆరితేరి వున్నారు. లేనిది గౌను మాత్రమే. కనుక ఆయనకు ఆ మూడేళ్ళు విద్య నేర్పాయనడం కన్నా తలుపు తెరిచాయనడం సబబు. అలాగని ఊరకే కూర్చుని రాలేదు. పరీక్షల్లో గౌరవ పత్రం సంపాదించారు. భారతీయుల సంఘాల్లో తిరిగారు. 1906 జనవరి ఎన్నికల్లో దాదాభాయ్ నౌరోజీ నార్త్ లాంబెత్ నుంచి పార్లమెంటుకు పోటీ చేసినప్పుడు ఆయన కోసం పనిచేశారు. నౌరోజీ ఓడిపోయారు. మన దేశం నుంచి ఎంత సంపద ఇంగ్లండుకు తరలిపోతోందో అంకెలు వేసి చూపిన మనిషి పక్కన నిలబడడం, ఆ నాలుగు ఇన్‌లలో ఏదీ నేర్పని పాఠం.

1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో చేరారు. యిక్కడినుంచి పద్నాలుగేళ్ళు సంక్షిప్తంగా చెప్పుకోవచ్చు. సివిలూ క్రిమినలూ రెండూ చేశారు. లా టైమ్స్ అనే న్యాయపత్రిక నడిపారు. ఆ ఏడాదే బిపిన్ చంద్రపాల్ మద్రాసు వచ్చి ఉపన్యాసాలిస్తే, అధ్యక్షత వహించడానికి పెద్దలు జంకుతుంటే యీయన వహించారు. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్ హత్య కేసులో ముద్దాయిల పక్షాన నిలిచారు. ధనం కుప్పలుగా వచ్చిపడింది. 1921లో సహాయ నిరాకరణ పిలుపుకు ఆ ప్రాక్టీసంతా ఒక్కసారిగా వదిలేశారు. స్వరాజ్య పత్రిక పెట్టి, వున్నదంతా అందులో పోసి, అప్పులపాలయ్యారు. సైమన్ కమిషన్, ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు, ఆ కథ అందరికీ తెలిసిందే.

మనకు కావలసింది 1937. ఆ ఏడాది జులైలో మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడింది. రాజాజీ ప్రధానమంత్రి, ప్రకాశంగారు రెవెన్యూ మంత్రి. రాష్ట్రంలో దాదాపు మూడోవంతు భూమి జమీందార్లూ వాళ్ళవంటి ఎస్టేటుదార్ల చేతిలో వుండేది. జమీ రైతు సంఘాలు అప్పటికే ఊరూరా లేచి వున్నాయి. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన యాత్ర చేశారు. శిస్తులు తగ్గించాలి, నజరానాలూ మామూళ్ళూ వెట్టీ పోవాలి, అడవీ చెరువూ మాకు దక్కాలి అని అడిగారు. యీ ఒత్తిడి లేకపోతే సంఘమూ వుండేది కాదు, నివేదికా వుండేది కాదు. అది మర్చిపోయి అంతా ఒక మనిషి ఘనతగా చెప్పడం తప్పవుతుంది. ప్రభుత్వం జమీందారీల పరిస్థితులు విచారించడానికి సంఘం వేసి, ప్రకాశంగారిని అధ్యక్షుణ్ణి చేసింది.

జమీందార్ల వాదం స్థూలంగా యిది. 1802లో కుంపిణీ ప్రభుత్వం మాకు శాశ్వత సన్నదులిచ్చింది. 25వ రెగ్యులేషన్ మమ్మల్ని భూమికి యజమానులని చెప్పింది. రైతు మా కౌలుదారు, శిస్తు మేం అడిగినంత. యీ వాదం నూటపాతికేళ్ళుగా కోర్టుల్లో, కచేరీల్లో చెల్లుతూ వచ్చింది. మధ్యలో ఎదురుగాలి వీచకపోలేదు. 1899లో చీకటి జమీందారు కేసులో మద్రాసు హైకోర్టు జమీ రైతు ఏడాదికేడాది కౌలుదారు కాదని, అతనికి భూమి మీద సొంత హక్కుందని తేల్చింది. 1908 ఎస్టేట్స్ లాండ్ చట్టం సాగుహక్కును ఖాయం చేసింది. కాని శిస్తు పెంచుకునే దారులు అదే చట్టంలో అట్టే మిగిలిపోయాయి.

ప్రకాశంగారు యిక్కడ చేసింది ఒక తాలూకా ప్లీడరు చేసే పనే. జమీందారు చూపిన కాగితం చదివి ఊరుకోక, సంచీలో మిగిలిన కాగితాలేమిటని అడిగారు. 1802లో 25వ రెగ్యులేషన్ ఒక్కటే రాలేదు. దానితోపాటు 30వ రెగ్యులేషన్ కూడా వచ్చింది. దాన్నే పట్టా రెగ్యులేషన్ అంటారు. శిస్తు దరల విషయంలో తగాదా వస్తే శాశ్వత శిస్తు నిర్ణయానికి ముందు ఏడాది సాగుభూములకు ఏ దరలు అమల్లో వున్నాయో వాటి ప్రకారం తేల్చాలని అందులో వుంది. అంటే జమీందారు సర్కారుకు కట్టే పేష్కషు ఎలా ఎప్పటికీ కదలకుండా వుందో, రైతు జమీందారుకు కట్టే శిస్తు కూడా అలాగే కదలకూడదు! ఒక చేత్తో తన బాకీ స్థిరమని సన్నదు చూపుతూ, ఇంకోచేత్తో రైతు బాకీ పెంచుకుంటూ పోవడానికి ఆధారమేదీ? 1822లో వచ్చిన 4వ రెగ్యులేషన్ యింకా స్పష్టం చేసింది. 1802 నాటి శాసనాలు రైతుల పాత హక్కుల్ని తగ్గించడానికిగాని తుడిచేయడానికిగాని ఉద్దేశించినవి కావని ప్రకటించింది. జమీందార్ల పెట్టెల్లో యీ కాగితం లేకపోలేదు. బయటికి తీయలేదంతే.

సంఘం ఊళ్ళు తిరిగింది, ప్రశ్నావళి పంపింది, రైతుల సాక్ష్యాలు తీసుకుంది. జమీందార్ల పక్షమూ విన్నది. 1938లో నివేదిక యిచ్చింది. జమీందారు శిస్తు వసూలుకు పెట్టిన మధ్యవర్తి మాత్రమే. భూమికి హక్కుదారు రైతు. శిస్తులు 1802 నాటి దరలకు దిగాలి. సారాంశం యిది. బారిస్టరు భాషలో రాసినా లోపలున్న చూపు మాత్రం మునసబు కోర్టుది. ఎవడు ఏం రాసిచ్చాడు, ఏ తేదీన, ఏ అధికారంతో అన్న మూడు ప్రశ్నలు. హైకోర్టులో పద్నాలుగేళ్ళు వాదించకపోతే ఆ పాత శాసనాల్ని అంత ధీమాగా తిరగేయడం సాధ్యం కాకపోవచ్చు. కింది కోర్టులో పదేళ్ళు కూర్చోకపోతే వాటిని తిరగేయాలన్న అనుమానమే రాకపోవచ్చు.

నివేదిక వచ్చింది గాని చట్టం రాలేదు. సొంత పార్టీలోనే పెద్దలకు అది మింగుడుపడలేదు. 1939 మొదట్లో శాసనసభ నివేదికను బట్టి చట్టం తేవాలని తీర్మానించింది. అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. కట్ట అటకెక్కింది. మరుసటి ఏడాది 1940 ఏప్రిల్‌లో మందస జమీందారీలో అడవి కట్టె కోసం మొదలైన పోరాటంలో పోలీసులు కాల్పులు జరిపారు. సాసుమాన గున్నమ్మ ప్రాణం పోయింది. ఆవిడ చేతిలో రెగ్యులేషన్లు లేవు.

1946 ఏప్రిల్‌లో ప్రకాశంగారే మద్రాసు ప్రధానమంత్రి అయ్యారు. ఏడాది కూడా నిలవనివ్వలేదు సొంతవాళ్ళు. ఆయన దిగిపోయాక 1947లో శిస్తు తగ్గింపు చట్టం, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాయి. రద్దయిన జమీందార్లకు పరిహారం ముట్టింది. సొంతభూములని చూపుకున్నవి చాలాచోట్ల వాళ్ళకే మిగిలాయి. నివేదిక రైతును యజమాని అన్నాక, యజమాని కానివాడికి పరిహారమెందుకని అడిగే రైతుకు ఆ చట్టంలో జవాబు లేదు.

ఇదంతా చెప్పి యింకొకటి చెప్పకపోతే పక్షపాతమవుతుంది. 1947 జనవరిలో ఆయన ప్రభుత్వమే శాంతిభద్రతల పేరిట ఒక ఆర్డినెన్సు తెచ్చింది. విచారణ లేకుండా నిర్బంధించే అధికారం పోలీసులకిచ్చింది. కమ్యూనిస్టుల మీద, కార్మిక నాయకుల మీద దాన్ని ప్రయోగించారు. అరెస్టయినవాళ్ళలో జమీందార్ల మీద రైతుల్ని కూడగట్టినవాళ్ళూ వున్నారు. ఆష్ కేసులో ముద్దాయిల పక్షాన నిలిచిన బారిస్టరు, కోర్టు ముఖం చూపకుండానే మనుషుల్ని జైలుకు పంపే కాగితం మీద ప్రధానమంత్రిగా వున్నారు. దీన్ని ఆయన వయసు మీదకో, గవర్నరు మీదకో, పరిస్థితుల మీదకో నెట్టేవాళ్ళున్నారు. నాకు ఆ సమాధానం నచ్చదు. సాక్షిని అడ్డుప్రశ్న వేయకుండా ఎవరికీ శిక్ష పడకూడదన్నది ఆయన రాజమండ్రిలో మొదటి రోజునే నేర్చిన పాఠం.

నివేదికలోనూ ఒక లోటుంది. అందులో రైతంటే పట్టా వున్న రైతు. ఆ పట్టారైతు దగ్గర నోటిమాట కౌలుకు దున్నేవాడు, కూలికి నాటేవాళ్ళు ఆ నిర్వచనంలోకి రారు. సంచీలో ఒక్క కాగితం కూడా లేనివాడికి ఎంత గొప్ప బారిస్టరైనా ఏ శాసనం చూపి వాదిస్తాడు? కౌలుదార్ల కోసం ఆంధ్రలో చట్టం 1956లో గాని రాలేదు. వచ్చాక కూడా రాతకోతలు లేని కౌలు పోలేదు. యిప్పటికీ పంటనష్టం లెక్కలు రాసుకునే రోజున దున్నినవాడు గట్టు మీద నిలబడి చూస్తుంటే, పరిహారం పాసుపుస్తకం వున్నవాడి ఖాతాలో పడడం మన కళ్ళముందున్న సంగతే.

1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ప్రకాశంగారు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. 1954 జులైలో గుంటూరులో హైకోర్టు తెరుచుకుంది. ఆంధ్ర రైతు అప్పీలు కోసం మద్రాసు రైలెక్కే పని తప్పింది. ఆ నవంబరుకే ప్రభుత్వం పడిపోయింది. 1957 మే 20న హైదరాబాదులో చనిపోయారు. ఎండాకాలంలో ఒంగోలు పక్క హరిజనవాడలు తిరిగి వడదెబ్బ తిన్నారు. లక్షలు ఆర్జించిన మనిషికి చివరికి ఆస్తి అంటూ మిగల్లేదు.

ఆయన పోయిన నాలుగేళ్ళకు 1961లో అడ్వకేట్ల చట్టం వచ్చింది. బారిస్టరు, వకీలు, ప్లీడరు అనే మెట్లు తీసేసి అందర్నీ ఒకే పేరున అడ్వకేట్లు చేసింది. సన్నదు పుచ్చుకున్నవాడు తాలూకా కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ఎక్కడైనా నిలబడొచ్చు. ఆ చట్టం మొదట కొత్తవాళ్ళకు శిక్షణా పరీక్షా పెట్టింది. 1973 సవరణతో అవి పోయాయి. 1995లో బార్ కౌన్సిలు ఏడాది శిక్షణ మళ్ళీ తెస్తే 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2010లో పరీక్ష ఒకటి తెచ్చారు, మొదట్లో దాన్ని పుస్తకాలు ముందు పెట్టుకుని రాయనిచ్చేవారు. సీనియరు గదిలో జీతం లేకుండా ఏళ్ళతరబడి కట్టలు మోయగలిగిన కుర్రాళ్ళు పని నేర్చుకుంటున్నారు. కౌలురైతు యింటి నుంచి లా చదివొచ్చిన పిల్లకో పిల్లాడికో పట్నంలో గది అద్దె కట్టుకోవడమే గగనం. నూరు గినీలు పోయాయి గాని, ఆ లెక్క యింకా పోలేదు. సెకండుగ్రేడు ప్లీడరు అనే పేరు మాత్రం యిప్పుడు ఏ కోర్టు రికార్డులోనూ కొత్తగా రాయరు.